ఉప్పులో ఏనుగు

"నీ ఏనుగు సచ్చిన ఏనుగే నూకాలూ! సచ్చిన ఏనుగుని తెచ్చి మ్యూజియంలో ఎవులైనా ఎడతారేటి?"

"మీ ఏనుగు బతికున్నాదా వదినా? ఉంటే ఏదీ, తోలుకురా. ఈ స్తంభానికి కట్టీద్దుము."

"మా ఏనుగు రాజుగోరు రమ్మంటే ఎల్నేదు. పీకల్దాకా సంద్రంలో కూకుండిపోనాది. పౌరుషం గల ఏనుగు. మీవోలేటి, వినాయకుడిలాటి జంతువుని కోసి ఉప్పులో ఏసీసినారు. సెప్పుకోడానికి సిగ్గు నేదు?"

"సచ్చినాక ఏసినారు. బతికుండగా ఏసినారని నీకెవులు సెప్పినారు? ఒడ్డుకొచ్చినదాన్ని ఒగ్గేస్తే కుళ్లిపోద్ది. కుళ్లబెట్టుకోడం మా ఇంట అలవాటు నేదు."

ఆ మాటతో పైడితల్లి వదిన టీ గ్లాసు నేలమీద పెట్టేసి లేచి నిలబడింది. మా ఆయనకి అక్క ఆవిడ. భోగాపురం దాటి సముద్రం వైపు దిగితే వచ్చే మా పేటలో ఇప్పుడు బతికున్న ఆడవాళ్లందరిలోకీ పెద్దది. గొంతు కూడా పెద్దదే. మా ఇద్దరి మధ్యా చాప మీద లావణ్య కూర్చుని ఉంది. శృంగవరపుకోట నుంచి వచ్చిన పిల్ల, డిగ్రీ చదువుకుంది. మా పేట కుర్రాళ్ల సంఘం పాత తుఫాను షెల్టరుకి సున్నం వేయించి మ్యూజియం చేస్తుంటే, పెద్దవాళ్ల దగ్గర ఊరి కథలు రికార్డు చేసే పని ఈ పిల్లకి అప్పజెప్పారు. ఒక గోడకి పాత తెప్ప ఆనించారు. ఒక మూల లాంతర్లు, వలలకి కట్టే మట్టి గుండ్లు పేర్చారు. నట్టనడుమ ఒక పెట్టె పెట్టారు. దాని మీట నొక్కితే మా ఊరి కథ వినబడాలట. అందులో ఒక్క కథే పడుతుందట. మా ఊరి కథ అంటే సముద్రంలోంచి వచ్చిన ఏనుగు కథే, అందులో ఎవరికీ పేచీ లేదు. ఏ ఏనుగు అన్నదగ్గరే వచ్చింది పేచీ.

"మామ్మా, అసలు ఏనుగు నిజంగా వచ్చిందా?" అని అడిగింది లావణ్య.

నేనూ వదినా ఒక్కసారే ఆ పిల్ల వైపు తిరిగాం. ఆ రోజు మొత్తానికి మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే. "రాకపోతే ఎందుకు కొట్టుకుంటన్నాం?" అన్నాం.

ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను గానీ చేతులు పని మీద లేవు. మా మామ్మ గుర్తొచ్చింది. మా నాన్న తల్లి. పేరు గురమ్మ. నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ పోయింది, మామ్మే పెంచింది. మా పుట్టిల్లు శ్రీకాకుళం అవతల, సముద్రం ఒడ్డునే. ఆ ఊళ్లో పెద్ద చేప పడేది కాదు. నెత్తళ్లు, కవళ్లు, ఇలాంటి వేలెడు చేపలే. పడ్డవి పడ్డట్టు మామ్మ ఉప్పునీళ్ల తొట్టిలో వేసి, తీసి, ఇసుకలో ఆరబెట్టి, గంపకెత్తుకుని రైలెక్కి కోటబొమ్మాళి సంతకి పోయేది. నన్ను బళ్లో వేసింది నిజమే. రెండో తరగతి దాకా వెళ్లాను కూడా. ఆ ఏడు కవళ్లు విపరీతంగా పడ్డాయి. "సదువు సేపని తిప్పుద్దేటి? సేతులు తిప్పుతాయి," అని మామ్మ మధ్యాహ్నం బడికొచ్చి నన్ను లేవదీసుకుపోయింది. పలక మాత్రం పారెయ్యలేదు. తొట్టిలో చేపలు పైకి తేలకుండా వాటి మీద పలక పరిచి రాయి ఎత్తేది. "సూడు, సదువు ఊరికే పోనేదు," అనేది వచ్చినవాళ్లతో. నా పెళ్లయ్యేదాకా ఆ పలక అక్కడే పని చేసింది. చదువుకి పెట్టిన డబ్బులు ఇంతకన్నా బాగా వసూలైన ఇల్లు ఇంకోటి నాకు తెలీదు.

ఆవిడ చేతిలో ఏదీ ఒక్క పనికే పుట్టేది కాదు. చేపల మీంచి రాలిన ఉప్పుని చీపురుతో ఊడ్చి, చెరిగి, కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. అదే మళ్లీ తొట్టిలోకి, తొట్టిలో పనికిరాకుండా పోయాక కూరలోకి. మా ఇంట్లో వంకాయ కూర కూడా చేపల కూరే. కొత్తగా వచ్చిన చుట్టాలు అన్నంలో వేలు పెట్టి ఆగిపోయేవారు. "ఏం, తినండి, అందులో సేప నేదు, సేప తిరిగెళ్లిన దారి ఉన్నాది అంతే," అనేది మామ్మ. ఇంటికీ ఒంటికీ పట్టిన ఆ వాసన నాకు వాసనగా ఎప్పుడూ తెలియలేదు. మొదటిసారి రైల్లో మా పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోతుంటే, చోటు ఇచ్చారు కాబోలు, మంచివాళ్లు అనుకున్నాను.

మా ఇంట్లో గడియారం లేదు. మబ్బు పడితే ఎండని నమ్మలేం. చేపని ఉప్పునీళ్లలో ఎంతసేపు ఉంచాలో తెలియాలంటే కథ ఒక్కటే ఆధారం. తొట్టిలో చేప వెయ్యగానే మామ్మ మొదలుపెట్టేది. రాజుగారు అల్లుడికి కానుకగా ఏనుగుని ఓడెక్కించి పంపాడు. గాలివాన వచ్చింది, ఓడ తిరగబడింది. అంటే మేం చేపలు ఒకసారి కలపాలి. ఏనుగు ఈదుకుంటూ ఈదుకుంటూ వచ్చి ఒడ్డు మీద కాలు పెట్టింది. అంటే తొట్టిలోంచి తీసెయ్యాలి. ఒడ్డు చేరగానే అలసటతో అది చచ్చిపోయింది. ఊళ్లో ఆడవాళ్లు అంతా కలిసి దాన్ని ఉప్పు వేసి ఎండబెట్టారు. అప్పటికి మేం ఇసుక మీద చేపలు పరుస్తూ ఉండేవాళ్లం. రాజుగారు గుర్రమెక్కి వచ్చి "నా ఏనుగు ఏదీ?" అంటాడు. ఒకసారి తిప్పాలి. "ఏనుగు ఏదని అడిగితే మాటాడరేం?" అంటాడు. ఇంకోసారి తిప్పాలి. చివరికి ఆడవాళ్లు గంపలు తెచ్చి ఆయన ముందు దింపుతారు. రాజుగారు వలవలా ఏడుస్తాడు. ఏడ్చి ఏడ్చి ఆకలేసి ఒక ముక్క నోట్లో వేసుకుంటాడు. "ఉప్పు కాస్త తక్కువ" అంటాడు. అని, ఇంకో ముక్క తీసుకుంటాడు. కథ అయిపోతుంది. అప్పటికి చేప పైతడి ఆరిపోతుంది.

ఆ కథని పని లేకుండా ఊరికే చెప్పకూడదు. చెబితే ఏనుగు అలిగి మళ్లీ సముద్రంలోకి పోతుందనేవారు. అందుకని సాయంత్రాలు ఎంత బతిమాలినా మామ్మ నోరు విప్పేది కాదు. కానీ ఊరంతా ఆ కథ మీదే నడిచేది. పక్కింటావిడ దడి మీంచి "గురమ్మా, ఏనుగు ఎందాకా వచ్చినాదే?" అని కేకేసి, ఓడ తిరగబడింది అంటే ఎసరు పెట్టుకునేది, ఒడ్డు మీద కాలు పెట్టింది అంటే బియ్యం పోసుకునేది. నేను పుట్టినప్పుడు కూడా, కథ రెండోసారి చెబుతుంటే ఏనుగు ఒడ్డుకి రాకముందే పుట్టేశానట. "తొందరగుంట", అంటే తొందరపడే పిల్ల, అని మామ్మ నన్ను అందుకే అనేది.

నా పెళ్లి ఈ పేటకి అయింది. ఇక్కడ సంగతి వేరు. ఇక్కడ వలకి కానాగంతలు పడతాయి. అరచెయ్యంత చేప, నడుము దగ్గర దళసరి, చీల్చి ఉప్పునీళ్లలో వెయ్యాలి. వచ్చిన కొత్తలో ఒకరోజు మా అత్త తొట్టి నాకు అప్పగించి, "ఏనుగు ఒడ్డుకొచ్చినంతదాకా ఉంచు," అని చెప్పి గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. అబ్బ, ఈ ఊళ్లోనూ ఏనుగు ఉంది కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఏనుగునే మనసులో నడిపించాను. అది ఒడ్డు మీద కాలు పెట్టగానే చేపలన్నీ తీసి ఆరబెట్టాను. ఈ పేటలో ఒక ఆచారం ఉంది. తొట్టి తీసిన మర్నాడు పొద్దున్న ఆ ఇంటి ఆడపడుచు ఒక చేప కాల్చి తిని, బాగుంది అంటేనే గంప బయల్దేరుతుంది. పైడితల్లి వదిన వచ్చింది, కాల్చింది, నోట్లో పెట్టుకుంది, పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసింది.

"ఓలమ్మో! నడుము కాడ కుళ్లిపోనాది. ఏనుగు రాకముందే తీసీసినావేటే?"

"వచ్చినాది వదినా."

"ఎప్పుడొచ్చినాది?"

"ఎప్పుడో వచ్చినాది. సచ్చిపోనాది కూడా."

వదిన చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "సచ్చిపోనాదా?" అంది. చిన్నపిల్లలా ఆవిడ మొహం వంకరపోయింది. నేను ఉన్నదున్నట్టు, ఉప్పు సంగతీ గంపల సంగతీ చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ ఏడ్చిన ఏడుపు, గంపెడు చేప పాడైనందుకు మా అత్త కూడా ఏడవలేదు. అప్పుడు నాకు తెలిసింది, వీళ్ల ఏనుగు చావదని. ఈ పేట ఏనుగు దారిలో కనబడిన ప్రతి తెప్పకీ పలకరింపు చెబుతూ తాపీగా వస్తుంది. వచ్చి, రాజుగారు పిలిచినా పోకుండా ఊళ్లోనే ఉండిపోతుంది, వలలు లాగుతుంది, దానికి కొండల్లోంచి పెళ్లికూతుర్ని తెచ్చి పెళ్లి కూడా చేస్తారు. తప్పు నాదని ఇప్పటికీ వీళ్లు అంటారు. నేను ఒప్పుకోను. నెత్తళ్లు పడే ఊళ్లో ఏనుగు తొందరగా చస్తుంది, కానాగంతలు పడే ఊళ్లో ఏనుగుకి పెళ్లవుతుంది. చేప ఎంత దళసరో కథ అంత పొడుగు. ఆ ముక్క ముందే చెప్పాల్సింది మా అత్త.

అప్పటి నుంచీ ఈ తగువు మా ఇద్దరి మధ్యా నడుస్తూనే ఉంది. పిల్లల పెళ్లిళ్లలోనూ, పెద్దల దినాల్లోనూ నడిచింది. ఇన్నాళ్లూ దానివల్ల నష్టమేమీ లేదు. పెట్టె వచ్చాకే నాకు భయం పట్టుకుంది. మా మామ్మకి ఫోటో లేదు. ఆవిడ పేరు రాసిన కాగితం ఒక్కటి లేదు. ఆవిడని కాల్చిన చోటు కూడా సముద్రం కోసుకుపోయింది. నా పిల్లలకి ఆవిడ అంటే "ఉప్పు కాస్త తక్కువ" అన్న మాట, అంతే. పెట్టెలో వదిన ఏనుగు ఒక్కటీ ఉండిపోతే, నా తర్వాత గురమ్మ అనే మనిషి ఎక్కడా ఉండదు. పరాయి ఊరి ఏనుగు మా పేట మ్యూజియంలోకి ఎలా వస్తుందని వదిన అడిగింది. ఆ లెక్కన నేనూ పరాయి ఊరిదాన్నే, ఇన్నేళ్లుగా ఈ ఇంటి పొయ్యి ఊదుతున్నాను.

రెండోసారి పిలిచినప్పుడు లావణ్య రికార్డరు నా మొహం ముందు పెట్టి చెప్పమంది. ఓడ బయల్దేరింది అన్నాను. తర్వాత రాలేదు. ఒళ్లో ఖాళీ చేతులు పెట్టుకుని ఆ కథ నేను ఎన్నడూ చెప్పలేదు. "సేప కావాలి," అన్నాను. కుర్రాళ్లు నవ్వారు. వదిన నవ్వలేదు. "నాకూ కావాలి," అంది. "ఇద్దరికీ సెరో తొట్టీ ఎట్టండి. కానాగంతలు ఎయ్యండి. ఎవుల ఏనుగు మంచిదో సేపే సెప్తాది." సంఘం కుర్రాళ్లకి మా ఇద్దరిలో ఎవరికి కోపం తెప్పించడానికీ ధైర్యం లేదు, వెంటనే ఒప్పుకున్నారు. కొత్తగా పరిచిన టైల్సు పాడవుతాయని షెల్టరు డాబా మీద పెట్టించారు. తట్టలతో ఇసుక ఎత్తించి డాబా మీద పోశారు. వాళ్ల మ్యూజియం మీద మేం సముద్రపొడ్డు కట్టుకున్నాం.

ముందు వదిన చెప్పింది. బాగా చెప్పింది, కాదనను. ఏనుగు తెప్పల్ని పలకరిస్తూ వస్తుంటే మధ్యలో పైన విమానం పోయింది, లావణ్య ఆగమని సైగ చేసింది. వదిన ఆగి, అది పోయాక "ఆ సప్పుడికి ఏనుగు ఎనక్కి సూసినాది," అని అందుకుంది. కాకుల్ని "హుష్" అన్న అరుపులు కూడా రాజుగారి నోట్లో పెట్టేసింది. ఏనుగు ఒడ్డుకి వచ్చేసరికి చెయ్యి తొట్టిలో పెట్టి ఒక చేప నడుము నొక్కి చూపించింది. గట్టిగా ఊరింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

తర్వాత నేను. కొంగు దోపి, తొట్టిలో చెయ్యి పెట్టి మొదలుపెట్టాను. నా ఏనుగు ఎప్పటిలాగే వచ్చింది, చచ్చింది; కానాగంత కదా, చేపని తొట్టిలోంచి తియ్యలేదు. రాజు ఏడ్చాడు, తిన్నాడు, రెండో ముక్క తీసుకున్నాడు. ఎంత నెమ్మదిగా చెప్పినా కథ అయిపోయింది. చేప నడుము నొక్కాను. మెత్తగా ఉంది. వదిన నా మొహమే చూస్తోంది. నా పెళ్లైన ఏడాది ఉమ్మేసిన చేప ఇంకా ఆవిడ నోట్లోనే ఉన్నట్టు చూస్తోంది. కానీ మా మామ్మ దగ్గర ఒకటే నియమం. కథ అయిపోయిందని చేప తియ్యకూడదు, చేప అయిందంటే కథ ఆపాలి. నేను ఆపలేదు.

"రెండో ముక్క తింటూ రాజుగోరు అడిగినాడు, ఇది ఎవుల సెయ్యి అని. గురమ్మ సెయ్యి బాబూ, అన్నారు ఆడోలు."

లావణ్య తల ఎత్తింది. "మామ్మా, రాజుల కాలంలో మీ నాయనమ్మగారు ఎలా..."

"నోర్ముయ్ గుంటా," అంది వదిన. "సేప ఊరతన్నాది."

అక్కడి నుంచి నేను ఏం చెబుతున్నానో నాకే తెలీలేదు. పలక సంగతి చెప్పాను. వంకాయ కూర చెప్పాను. రైల్లో టిక్కెట్ల బాబు ముక్కు మూసుకుని మమ్మల్ని తలుపు దగ్గర కూర్చోమంటే, మామ్మ గంపలోంచి గుప్పెడు నెత్తళ్లు తీసి ఆయన కోటు జేబులో పోసి, "ఇప్పుడు మీ కాడా ఇదే వాసనొస్తాది బాబూ, ఇక ముక్కు మూసుకోనక్కర్నేదు," అన్న సంగతి చెప్పాను. రాజుగారు ఇవన్నీ వింటున్నాడనే చెప్పాను. మధ్యమధ్యలో "ఆ తర్వాత?" అని ఆయన చేత అడిగిస్తూ, ఒక్కో "ఆ తర్వాత"కీ చేపలు కలుపుతూ పోయాను. చివరికి మామ్మ మంచాన పడ్డ రోజు చెప్పాను. నన్ను పుట్టింటికి పిలిపించారు. తొట్టిలో కవళ్లు ఉన్నాయి. ఆవిడకి మా మొహాలు ఆనడం లేదు. "ఏనుగు ఎందాకా వచ్చినాది?" అని అడిగింది. ఒడ్డు మీద కాలు పెట్టింది మామ్మా, అన్నాను. "అయితే తీసీ," అంది. అదే ఆఖరి మాట. నేను వెళ్లి చేపలు తీసి వచ్చేసరికి ఆవిడ లేదు.

చేప నొక్కాను. గట్టిగా ఉంది. ఆపేశాను.

 వదిన లేచి వచ్చి నా పక్కన కూలబడింది. నా తొట్టిలోంచి చేపలు తీసి ఇసుక మీద పరవడానికి చెయ్యి వేసింది. ఇద్దరం పరిచాం. "మా అమ్మ కతలో రాజుగోరు ఏడవడు," అంది. ఏడవడానికి మీ ఏనుగు చావలేదుగా, అన్నాను. "అదే సెప్తన్నాను," అంది. దిగబోతూ మెట్ల దగ్గర ఆగి, "రేపు పొద్దున్న తిని సెప్తాను," అంది.

ఇప్పుడు మా పేటలో పడిన చేప పడినట్టే ఐసు పెట్టెల్లో లారీ ఎక్కిపోతోంది. ఎండు చేప ఎవరైనా కావాలంటే కొట్లో ప్యాకెట్ కొనుక్కుంటారు. నా మనవరాలు అన్నం వండితే సెల్లులో గంట పెడుతుంది. అది కీచుమని కూస్తుంది, వెళ్లి కుక్కరు దింపుతుంది. అన్నం బాగానే ఉంటుంది, నేను కాదనను, గ్యాసు కూడా ఆదా. కానీ ఆ కూత మొదటి నుంచి చివరిదాకా ఒకటే కూత. మధ్యలో ఏం జరిగిందని దాన్ని అడగలేం.

మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కాం. చేపలు సగం ఎండాయి. లావణ్యా కుర్రాళ్లూ అప్పటికే వచ్చి నిలబడ్డారు. వదిన నా వరసలోంచి ఒక కానాగంత తీసి, ఇటుకల మధ్య కొబ్బరిమట్టలు రాజేసి కాల్చింది. పిట్టగోడ మీద కూర్చుని, నడుము దగ్గర ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది.

"ఉప్పు కాస్త తక్కువ," అంది.

"మరి పెట్టెలో ఏది పెట్టమంటారు మామ్మా?" అని అడిగింది లావణ్య.

"దానిదే ఎట్టండి. ఏనుగు సచ్చిన ముక్క మాత్రం తీసీండి. మిగతాదంతా ఉండనీండి."

అంటే ఏనుగు ఒడ్డుకి వస్తుంది, చావదు, రాజు మాత్రం ఊరికే ఏడ్చి, ఏదో తిని, గురమ్మ గురించి అడుగుతాడు. లావణ్య నా వైపు చూసింది. నేను సరే అన్నాను. వదిన ఇంకో ముక్క తుంచుకుంది. నేను డాబా మీద రాలిన ఉప్పంతా ఊడ్చి, చెరిగి, కొంగున కట్టుకుని ఇంటికి వచ్చాను.